మేకపోతు గాంభీర్యం, కొండమేక ధైర్యం

మూడు నెలల కిందట మా మేనల్లుడి కాలేజీ వార్షికోత్సవానికి వెళ్లాను. మా బావగారు మస్కట్‌లో ఉంటారు కాబట్టి ఇలాంటివాటికి పెద్దదిక్కుగా మా అక్క నన్ను పంపుతుంది. ప్రైజులూ డాన్సులూ అయ్యాక ఒక మోటివేషనల్ స్పీకర్ గారు మైకు అందుకున్నారు. లైట్లు తీయించి తెర మీద ఒక వీడియో వేశారు. నిటారుగా లేచిన డ్యామ్ గోడ, దాని మీద చీమల్లా ఏవో కదులుతున్నాయి. కెమెరా దగ్గరకెళ్లేసరికి అవి మేకలు. గోడలో వేలెడు బయటికొచ్చిన రాళ్ల మీద కాళ్లు పెట్టి, ఏదో తీరికగా నాకుతున్నాయి. "వీటికి రెక్కలున్నాయా? లేవు. తాళ్లున్నాయా? లేవు. మరేముంది?" అని ఆయన మైకు పిల్లల వైపు తిప్పారు. "ధైర్యం!" అని హాలంతా అరిచింది. నేనూ చప్పట్లు కొట్టాను, అబద్ధమెందుకు.

రాత్రి బండి మీద తిరిగొస్తుంటే మా ఊరి కాలవ మీది కల్వర్టు పిట్టగోడ ఎక్కి ఒక మేక నిలబడి ఉంది. ఆ గోడ వెడల్పు జానెడు. కింద కాలవ నిండుగా పారుతోంది. హెడ్‌లైటు పడితే కళ్లు పచ్చగా మెరిశాయి తప్ప అది కదల్లేదు, నెమరు వేస్తూనే ఉంది. మావాడు హారన్ కొట్టి, "మావయ్యా, దీనికి కూడా చప్పట్లు కొట్టాలా?" అన్నాడు.

వాడు జోకుగానే అన్నాడు. కానీ ఆ మాట నన్ను రెండు మూడు వారాలు వదల్లేదు. డ్యామ్ మీదుంటే ధైర్యం, కల్వర్టు మీదుంటే మేక. ఇందులో ఏదో తేడా ఉందనిపించింది. ఆ తేడా ఏమిటో తేల్చుకుందామనే ఇదంతా రాస్తున్నాను.

అసలు మన భాషలో మేకకీ ధైర్యానికీ పొత్తు కుదరదు కదా. మనకున్నది మేకపోతు గాంభీర్యం. సింహం గుహలో ఇరుక్కుపోయిన మేకపోతు లోపల వణుకుతూ, పైకి గడ్డం నిమురుకుంటూ బింకంగా కూర్చున్న కథ తెలియనివాళ్లుండరు. మన పెద్దవాళ్ల దృష్టిలో మేకది నటన. వాట్సాప్ కాలంలో అదే మేక వీరుడైపోయింది. నాకు రెండూ తప్పనిపిస్తోంది.

గోడ మీద ఉప్పు

ఆ డ్యామ్ ఇటలీలో ఉంది. పేరు చింజీనో. పీడ్‌మాంట్ ప్రాంతంలో, ఆల్ప్స్ కొండల్లో, సుమారు 50 మీటర్ల ఎత్తున కట్టిన రాతి గోడ. మా తోటలో అన్నిటికంటే పొడవైన కొబ్బరి చెట్టును మూడు సార్లు నిలబెడితే దాదాపు అంత. ఆ మేకలు ఐబెక్స్ అనే జాతి. కొండ మీద దొరికే గడ్డిలో వాటికి కావలసిన ఉప్పు, ఖనిజాలు చాలవు. గోడ రాళ్ల సందుల్లోంచి చెమ్మతో పాటు లవణాలు పైకి ఊరి పేరుకుంటాయి. అవి నాకడానికి వస్తాయి. అంతే సంగతి.

ఇంకోటి. ఐబెక్స్‌లో మగది చూడగానే గుర్తుపట్టేలా ఉంటుంది. వెనక్కి కత్తిలా వంగి, కణుపులు కణుపులుగా, మీటరు దాకా పెరిగే కొమ్ములు. బరువు ఆడదానికి రెండింతలు పైమాటే. ఆ వీడియోలో అలాంటి కొమ్ములున్నది ఒక్కటీ లేదు. ఇంటికొచ్చాక మళ్లీ మళ్లీ చూశాను. అన్నీ పొట్టి కొమ్ములవే, పక్కన పిల్లలు. గోడ ఎక్కేవి ఎక్కువగా తల్లులూ పిల్లలే. ఒళ్లు తేలిక, పైగా పాలిచ్చే వాటికి ఖనిజాల అవసరం ఎక్కువ. స్పీకర్ గారు "ఈ వీరుణ్ణి చూడండి" అన్నప్పుడు తెర మీద ఉన్నది ఒక బాలింత. మన ఆడవాళ్లు కడుపుతో ఉన్నప్పుడు దొంగచాటుగా బలపం ముక్కలు నమలడం నేను చూశాను. ఎవరూ చప్పట్లు కొట్టరు, "రక్తం తక్కువుందేమో చూపించు" అంటారు.

ఉప్పు కోసం ఈ కొండ జంతువులు ఎంత దూరం వెళ్తాయో చెప్పడానికి అమెరికా సంగతి ఒకటి ఉంది. అక్కడ ఒంటి నిండా తెల్లటి ఉన్నితో, ఆడదానికీ మగదానికీ కూడా గడ్డంతో, నల్లటి పొట్టి కొమ్ములతో ఉండే కొండమేక జాతి ఉంది. పేరుకి మేకే గానీ మన మేకల కుదురు కాదు. 1920లలో వీటిని వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ అనే కొండల్లో తెచ్చి వదిలారు. ఆ కొండల్లో సహజంగా ఉప్పు చెలమలు లేవు. దాంతో ఇవి అక్కడ కొండలెక్కడానికి వచ్చే మనుషుల వెంట పడటం మొదలుపెట్టాయి, వాళ్ల చెమట కోసం, ఇంకా చెప్పాలంటే మూత్రం కోసం. 2010లో ఒక మనిషిని పొడిచి చంపేసింది కూడా. చివరికి 2018 నుంచి 2020 దాకా 325 మేకలను పట్టి వేరే కొండలకు తరలించారు. ఎలాగంటే, కళ్లకు గంతలు కట్టి, ఉయ్యాల్లాంటి సంచిలో పెట్టి, హెలికాప్టర్ కింద వేలాడదీసి. ఆ ఫొటోలు చూస్తే పాపం అనిపిస్తుంది. గాల్లో వేలాడటం కొండమేకకి కూడా అలవాటు లేని పనే.

నేల మీద నుంచి చూసేవాళ్లకి అది ఎత్తు. దానికి అది ఉప్పు దొరికే చోటు.

మున్నార్‌లో మా అమ్మ

ఇటలీ, అమెరికా నేను చూసిందేం లేదు. నేను కళ్లారా చూసిన కొండమేక ఒకటే, నీలగిరి థార్. మూడేళ్ల కిందట మున్నార్ టూరు వెళ్లాం, అమ్మను కూడా తీసుకుని. ఇరవికుళం నేషనల్ పార్కు ఎవరు మున్నార్ వెళ్లినా చూసేదే. అటవీశాఖ బస్సు ఎక్కించి రాజమల దగ్గర దింపుతారు, అక్కణ్ణుంచి తారు రోడ్డు మీద పైకి నడక. పక్కనే ఆనముడి, 2,695 మీటర్లు, దక్షిణ భారతంలో అంతకు మించిన శిఖరం లేదు. సముద్రమట్టానికి నాలుగైదు మీటర్లు కూడా లేని ఊరి నుంచి వచ్చినవాళ్లం. నాకు తల తిరిగినట్టయి రెయిలింగ్ పట్టుకునే నడిచాను.

మలుపులో రోడ్డు పక్కనే ఒకటి మేస్తోంది. అమ్మ కాసేపు చూసి, "ఏరా, దీని కోసమా ఇంత దూరం తీసుకొచ్చావు? మన వీధిలో తిరిగే మేకే కదా. గడ్డం కూడా లేదు" అంది.

అమ్మ కన్ను తక్కువది కాదు. థార్‌కి గడ్డం ఉండదు, మగదానికి కూడా. పొట్టి వెంట్రుకలు, బూడిద కలిసిన గోధుమ రంగు, కుదిమట్టమైన ఒళ్లు, మెడ దగ్గర మాత్రం మగదానికి బిరుసుగా నిక్కిన జూలు. కొమ్ములు మొదట్లో దగ్గర దగ్గరగా లేచి వెనక్కి వంగుతాయి. వయసు మీరిన మగది దాదాపు నల్లగా మారి, నడుము మీద మాత్రం జీను వేసినట్టు వెండి రంగు పట్టా వస్తుంది. ఆ రోజు అలాంటిది ఒకటి దూరంగా రాతి మీద కనబడింది. దాన్ని చూశాక అమ్మ "ఆఁ, ఇది పరవాలేదు" అంది.

ఇంకో తమాషా. తమిళంలో దీన్ని వరైయాడు అంటారు, కొండచరియ మేక అని అర్థం. తమిళనాడుకి రాష్ట్ర జంతువు కూడా ఇదే. కానీ 2005లో డీఎన్ఏ చూసిన శాస్త్రవేత్తలు ఇది హిమాలయాల్లోని థార్‌కి దగ్గరది కాదని, గొర్రె జాతికి దగ్గరని తేల్చి వేరే పేరు పెట్టారు. అంటే ఆ స్పీకర్ గారు చింజీనో బదులు ఇరవికుళం వీడియో వేసుకుని ఉంటే, శాస్త్రం ప్రకారం "గొర్రెలా బతకండి" అని పిల్లలకి చెప్పాల్సి వచ్చేది.

మేం చూస్తుండగానే ఒక చిన్న సంఘటన జరిగింది. పది పన్నెండు ఆడవీ పిల్లలూ గడ్డిలో మేస్తున్నాయి. ఒకటి మాత్రం మేయకుండా కాస్త ఎత్తున్న రాతి మీద నిలబడి అటూ ఇటూ చూస్తోంది. ఇలా వంతున ఒకటి కాపలా ఉండటం వాటి పద్ధతి, చాలాసార్లు ఆ పని ఆడదే చేస్తుంది. ఎవరో కుర్రాడు సెల్ఫీ స్టిక్ పట్టుకుని రెయిలింగ్ దాటి నాలుగడుగులు వేశాడు. రాతి మీదున్నది ఈల వేసింది. నిజంగా ఈలే, మా మేనల్లుడు సినిమా హాల్లో వేసేదానికంటే కొంచెం సన్నం. అంతే, మందంతా ఒక్కసారి కదిలింది. మేమంతా ఎక్కడైతే చూడ్డానికి కూడా భయపడుతున్నామో ఆ లోయ అంచు వైపు పరిగెత్తి, అంచు దాటి, కిందికి దిగిపోయింది. అమ్మ "అయ్యో అయ్యో, పడిపోతాయిరా" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వంగి చూస్తే రాతి అరల మీద నిలబడి తాపీగా మావైపు చూస్తున్నాయి.

చిరుతపులి గానీ రేచుకుక్కల గుంపు గానీ వస్తే అవి చేసేది ఇదే. చదునుగా ఉన్న చోట వాటికి ప్రాణభయం. అంచు దగ్గరే భద్రం, అక్కడికి వెంటపడి రాగలిగిన జంతువులు తక్కువ. అంటే మన కళ్లకి ధైర్యంగా కనబడిన ఆ దృశ్యం అసలు పిరికితనం లెక్కలోకి రావాలి, పారిపోవడం అది. నేను పిరికితనం అని కూడా అనను. నాకు భయం వేసినప్పుడు ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంటాను. అవి వెళ్లి తలుపేసుకున్నాయి.

ఆ ఇల్లు కూడా వాటికి పూర్తిగా మిగల్లేదు. కొండల మీది గడ్డి మైదానాల్లో చాలా భాగం తేయాకు తోటలకీ, యూకలిప్టస్, వాటిల్ అనే తుమ్మజాతి చెట్ల పెంపకానికీ పోయింది. 2025లో కేరళ, తమిళనాడు కలిసి లెక్కపెడితే మొత్తం 2,668 తేలాయి. అందులో 841 ఒక్క ఇరవికుళంలోనే. ఈనే కాలంలో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో, పార్కును మూసేస్తారు. పిల్లలు పుట్టేటప్పుడు జనం ఉంటే బెదురుతాయని. అంత ధైర్యం గల జంతువుకి మన సెల్ఫీ స్టిక్కులంటే బెదురు.

గిట్ట

కల్వర్టు మేక దగ్గరికి మళ్లీ వస్తాను. దాని యజమాని మా వెనక వీధిలో ఉంటాడు. ఒక ఆదివారం పొద్దున్న వెళ్లేసరికి మేకను ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టుకుని కత్తితో గిట్టలు చెక్కుతున్నాడు. ఎందుకని అడిగితే, "మనదంతా ఒండ్రు కదండీ, బురదలో గిట్ట అరగదు. పెరిగి వంకర తిరిగిపోద్ది. లోపల చెమ్మ చేరి కుళ్లిపోద్ది" అన్నాడు.

నేను ఆ కాలు చేతిలోకి తీసుకుని చూశాను. నలభై ఐదేళ్లుగా మేకల మధ్య బతుకుతూ ఒక్కసారి కూడా చూడనిది. రెండు వేళ్లు, వాటి చుట్టూ మన గోరులాంటి గట్టి అంచు. లోపల మాత్రం మెత్త, అరిగిన హవాయి చెప్పు అడుగులా, నొక్కితే లోపలికి పోతుంది. వేళ్లు విడదీస్తే బాగా ఎడంగా విడిపోయాయి. అంచు రాతి గరుకుని పట్టుకుంటుంది, మెత్త అతుక్కుంటుంది, రెండు వేళ్లూ చిమటాలా బిగుస్తాయి. వెనక ఇంకో రెండు చిన్న గిట్టలున్నాయి, కిందికి దిగేటప్పుడు బ్రేకుల్లా ఆనించడానికి. ఐబెక్స్ కాలైనా, థార్ కాలైనా ఇదే పనితనం, ఇంకాస్త మెరుగ్గా.

మన మేక కూడా ఒకప్పుడు కొండదే. ఇరాన్‌లోని జాగ్రోస్ కొండల ప్రాంతంలో సుమారు 10,000 ఏళ్ల కిందట మచ్చిక చేసిన అడవిమేక సంతతి ఇది. పది వేల ఏళ్లు గడిచినా, కొండన్నదే లేని కోనసీమకి తెచ్చి బురదలో కట్టేసినా, దాని కాలు రాళ్లనే వెతుక్కుంటోంది. రాళ్లు దొరక్క ఇసుక గుట్ట ఎక్కుతుంది, ఆగి ఉన్న ఆటో ఎక్కుతుంది, కల్వర్టు ఎక్కుతుంది. మనం దాన్ని అల్లరి అంటాం.

ఇక్కడ మా ఆవిడ ఒక అభ్యంతరం చెప్పింది. "ఉప్పు అంటారు, గిట్ట అంటారు, ఇల్లు అంటారు. అన్నిటికీ కారణాలు చెప్పేస్తే ఇంక అబ్బురపడటానికి ఏం మిగిలింది? పిల్లలు ఆ వీడియో చూసి సంతోషించారు, వదిలేయండి." ఆ మాటలో బలం ఉంది. నాకైతే గిట్ట చూశాకే అబ్బురం ఎక్కువైంది, కానీ అందరికీ అలా కావాలని లేదు.

నాకు నేనే చెప్పుకున్న అభ్యంతరం ఇంకోటి ఉంది. 2021లో కెనడా కొండల్లో ఒక గ్రిజ్లీ ఎలుగుబంటి చచ్చి పడి ఉంటే పరీక్ష చేశారు. మెడ దగ్గర, చంకల దగ్గర కొమ్ము పోట్లు. చంపింది కొండమేక అని తేల్చారు. ఎలుగుబంటి మీదికి వస్తే తిరగబడి పొడిచిన దాన్ని ధైర్యం అనకపోతే ఏమంటాం? దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. కాకపోతే ఈ కథ ఏ మోటివేషనల్ వీడియోలోనూ వేయరు. గోడ మీద తాపీగా ఉప్పు నాకుతున్నదాన్నే వేస్తారు. ప్రాణం కోసం పెనుగులాడటం చూడ్డానికి బాగుండదు మరి.

పడిపోయిన వాటి మాట కూడా వేయరు. అలాస్కా తీరంలో కొన్ని వందల కొండమేకలకి రేడియో కాలర్లు కట్టి ఏళ్ల తరబడి గమనిస్తే, చావుల్లో పెద్ద వాటా మంచుచరియలదే అని తేలింది. అవేమీ తెలివితక్కువవి కావు, గిట్టలు లేనివీ కావు. కొండ విరిగి పడింది, పోయాయి.

దింపు రోజు

ఇంత గొడవ మేక కోసమే అయితే ఇక్కడితో ఆపేసేవాణ్ణి. కానీ కాలేజీలో "ధైర్యం" అన్న అరుపు విన్నప్పటి నుంచి నాకు గుర్తొస్తున్నది మా తోటలో దింపు తీసే, అంటే చెట్టెక్కి కొబ్బరికాయలు కోసే బాబాయ్.

మాకు రెండు నెలలకోసారి దింపు. మా నాన్న ఉన్నప్పటి నుంచీ ఆయనే వస్తున్నాడు. కాళ్లకి తాడు బందం, నడుముకి కత్తి, నలభై యాభై అడుగుల చెట్టు. పైకెళ్లి కమ్మల మధ్య కూర్చుని గెల నరుకుతుంటే కింద మేం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. పండగలకి వచ్చిన చుట్టాలు కూడా "అబ్బ, ఏం ధైర్యమండీ!" అనేవారు. నేను ఇరవై ఏళ్లుగా అదే మాట అంటున్నాను. చెట్టుకి ఇంతని లెక్క కట్టి ఇస్తాను, ఆ పైన ధైర్యం అన్న మాట ఊరికే ఇస్తాను.

పోయిన దింపుకి ఆయన వచ్చినప్పుడు వీడియో చూపించి, "నీలాంటిదే, చూడు బాబాయ్" అన్నాను. ఫోన్ దూరంగా పెట్టుకుని, కళ్లు చికిలించి చూశాడు.

"నాలుక్కాళ్లున్నాయి కదండీ దానికి" అన్నాడు ముందు. తర్వాత, "ధైర్యమేటండి బాబూ. మా బామ్మర్ది మాచెడ్డ ధైర్యస్తుడండి. మూడేళ్ల నుంచి మంచం మీదున్నాడు" అన్నాడు.

ఆ తర్వాత తనే చెప్పాడు. కమ్మ మీద చెయ్యి వేసే ముందు తట్టి చూడాలట, ఎండు కమ్మని నమ్మకూడదట. వానాకాలం ఎండ తగలని వైపు మాను మీద పాచి ఉంటుంది కాబట్టి రెండో వైపు నుంచి ఎక్కాలట. కందిరీగల గూడు ఉందేమో కింద నుంచే కళ్లు పెట్టి చూసుకోవాలట. ఇదంతా భయం ఉన్నవాడి జాబితా. ఇరవై ఏళ్లుగా నేను ధైర్యం అనుకుని చూసింది, లెక్క ప్రకారం వాడుకున్న భయాన్ని.

నా గొడవంతా ఇక్కడే. "ధైర్యం" అనేశాక మనం ఇంక ఏమీ అడగం. తాడు బాగుందా, బీమా ఉందా, యాభై ఐదేళ్ల మనిషి మోకాళ్లు ఎలా ఉన్నాయి, ఇవేవీ రావు. వీరుడికి మోకాళ్లు నొప్పి పుట్టవు కదా. కొబ్బరి అభివృద్ధి బోర్డుకి చెట్లెక్కేవాళ్ల కోసం కేర సురక్ష అని ఒక బీమా పథకం ఉంది. కొబ్బరి తోట ఉన్నవాణ్ణి, రోజూ పేపరు చదివేవాణ్ణి, ఈ వ్యాసం కోసం వెతికేదాకా నాకు ఆ సంగతి తెలియదు. ఎప్పుడూ అవసరం పడలేదు, ఆయన ధైర్యస్తుడని సరిపెట్టుకున్నాను.

2022 జులై గోదావరి వరదలప్పుడూ ఇదే చూశాను. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులవి. మా పిన్ని వాళ్లది ఏటి మధ్య లంక ఊరు. ఇంట్లోకి నీళ్లొస్తే ఏటిగట్టు మీదకి చేరి బరకం కట్టుకున్నారు. వాళ్లకంటే ముందే మేకలు గట్టెక్కేశాయట, ఎవరూ తోలకుండానే. ఈ డెల్టాలో మేకకైనా మనిషికైనా దొరికే కొండ ఆ గట్టొక్కటే. టీవీ వాళ్లొచ్చి "వరదకు వెరవని లంకవాసులు" అని చూపించారు. పిన్ని ఫోన్‌లో, "వెరవకేం చేస్తాంరా, పడవ రాలేదు. ఇంకెక్కడికి పోతాం?" అంది. వెళ్లడానికి ఇంకో చోటు లేనివాళ్లని మెచ్చుకోవడానికి ఇంత సులువైన మాట ఇంకోటి లేదు.

మీరు అడగొచ్చు, మేకకీ మనిషికీ పోలికేమిటని. నిజమే, మేక గోడ ఎక్కడం దాని ఇష్టం. ఉప్పు వేరేచోట దొరికితే మానేస్తుందో, అయినా ఎక్కుతుందో నాకు తెలియదు. కల్వర్టు మేకను చూస్తే ఉప్పు లేకపోయినా ఎక్కేలాగే ఉంది. మనిషి అలా కాదు. బాబాయ్ కొడుకు చెట్టెక్కడు, హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్. "ఆడికి వద్దన్నానండి" అని బాబాయే చెప్పాడు.

ఇక్కడ నా వాదనకి గండి కొట్టే సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. అదే రోజు మా మేనల్లుడు బాబాయ్ చెట్టెక్కుతుంటే వీడియో తీశాడు. నేను మందలించబోయాను, ఇప్పటిదాకా మనం మాట్లాడుకున్నదేంటి అని. ఈలోగా బాబాయ్ దిగొచ్చి, "ఏదీ బాబూ, నాకు పంపండి. వెనకాల పాట పెట్టి పంపండి" అన్నాడు. మర్నాడు చూస్తే ఆయన వాట్సాప్ స్టేటస్ అదే. పాటతో సహా. పైన కత్తి ఎత్తి కిందికి చూసి నవ్విన చోట ఆపి, దాన్నే మొహం ఫొటోగా కూడా పెట్టుకున్నాడు. నేను ఆయన తరఫున ఇంత రాస్తుంటే ఆయనకి హీరోగా కనబడటం బాగానే ఉంది. నా జాలి కంటే ఆయనకి ఆ పాటే నచ్చింది. నచ్చకపోవడానికి కారణమూ కనబడలేదు నాకు. ఎవరైనా మన పనితనం మెచ్చుకుంటే వద్దంటామా? ఈ విషయంలో నాకింకా పూర్తిగా తేలలేదు. కాకపోతే ఆయన తన గురించి తను అనుకోవడం వేరు, కూలి లెక్కపెట్టి ఇచ్చే నేను అనడం వేరు.

కేర సురక్ష కాగితాలు తెప్పించాను. ఆయన ఆధార్ కాపీ కోసం ఆగాను. మొన్న దింపుకి వస్తూ తెస్తానన్నాడు, మర్చిపోయాడు. ముప్పై రెండు చెట్లు దిగి, తలగుడ్డ తీసి మొహం తుడుచుకుంటూ అరుగు మీద కూలబడ్డాడు. చొక్కా మీద చెమట ఎండి తెల్లగా చారలు కట్టింది. అమ్మ పెద్ద గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. ఒక గుక్క తాగి, "ఇంకాస్త ఉప్పెయ్యండమ్మా" అన్నాడు.

"బీపీ ఉందన్నావుగా మొన్న?" అంది అమ్మ.

"ఉందండి. డాక్టరు గారు ఉప్పు మానేయమన్నారండి. దింపు రోజు లెక్కలోకి రాదండి" అని గ్లాసు ముందుకు చాపాడు.